జగ్గారావు కంట్లో నలక

ఊరి పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఒక మడుగు ఉంది. వానాకాలంలో, చలికాలంలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎండలు ముదిరి సెలయేళ్లు ఎండగానే మాత్రం చుట్టుపక్కల జంతువులన్నిటికీ అదే దిక్కు. అడవి వైపు నుంచి కుందేళ్లు, దుప్పులు, ముంగిసలు వస్తాయి. ఊరి వైపు నుంచి తాడు తెంపుకొచ్చిన బర్రెలు, మేకలు వస్తాయి. మడుగు దగ్గర ఎవరూ ఎవర్నీ ముట్టుకోకూడదన్నది కట్టుబాటు. ఆ కట్టుబాటు చిరుతపులికి నచ్చలేదు. అందుకని రెండు కోసుల అవతల పెద్దవాగు మలుపులో కాపురం పెట్టింది. అక్కడా ఒక గుంటలో నీళ్లుంటాయి. తాగడానికి వెళ్లినవాళ్లలో కొందరు తిరిగి వచ్చారు కూడా.

మడుగులోకి దిగే దారిలో నల్లటి బండ ఒకటి ఉంది. దాన్ని పలకరింపు బండ అంటారు. వచ్చిన ప్రతి జంతువూ అక్కడ ఆగి, ఉన్నవాళ్ల కళ్లల్లోకి చూసి మూడు మాటలు అడగాలి. "బాగున్నారా? తిన్నారా? పిల్లలెక్కడ?" అవే మాటలు ఎదుటివాళ్లు అడిగితే చక్కగా జవాబు చెప్పాలి. ఆ తర్వాతే నీళ్లు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. ఎందుకు పెట్టారో మాత్రం అందరికీ తెలుసు. మనవాడెవడో పరాయివాడెవడో మాటతీరులో తెలిసిపోతుందని.

తల్లి వెంట వచ్చే పసిపిల్లలకు ఈ బాధ లేదు. రెండో వేసవి వచ్చిందంటే మాత్రం ఎవరికి వాళ్లే బండ దగ్గర నిలబడి పలకరింపు ఒప్పజెప్పాలి. తప్పినవాళ్లకు పెద్దవాగే గతి.

ముంగిస పైడమ్మకు ఆ ఏడు తిండి సయించకపోవడానికి కారణం ఇదే. కూతురు నూకాలుకు రెండో వేసవి వచ్చింది.

బండ మీద పెద్దలు ఇద్దరు. ఒకరు ఎద్దు వీరభద్రం. పన్నెండేళ్లు నాగలి లాగి, పదమూడో ఏట ఇక చాలనుకుని అడవికి వచ్చేశాడు. ఏం అడిగినా ముందు నెమరు వేస్తాడు, తర్వాత జవాబు చెబుతాడు. రెండోవాడు నక్క జగ్గారావు. పలకరింపులో అతన్ని మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఎవరి మేనత్తకు కీళ్లనొప్పులో, ఎవరి మరిది ఏ గుట్టెక్కి అలిగాడో అతనికి తెలుసు. "పిల్లలెక్కడ తల్లీ?" అని అతను గొంతు తగ్గించి అడిగితే, ఏ తల్లయినా ఏ పొదలో ఏ పక్కనున్నారో కూడా చెప్పేస్తుంది.

నూకాలును బండ ముందు నిలబెట్టారు.

"ఏమ్మా నూకాలూ, బాగున్నావా?" అన్నాడు జగ్గారావు.

నూకాలు నీళ్లవైపు చూస్తోంది.

"నిన్నే తల్లీ. బాగున్నావా?"

"ముందరి ఎడమకాల్లో ముల్లుంది," అంది నూకాలు, నీళ్లకేసే చూస్తూ. "నిన్న నొప్పి ఎక్కువ. ఇవాళ తక్కువ. మిగతా మూడు కాళ్లూ బాగున్నాయి. తోక సంగతి కూడా చెప్పాలా?"

బర్రె గౌరమ్మ మడుగులోంచే ఫక్కున నవ్వింది. ఆవిడ పొద్దున దిగితే సాయంత్రం దాకా నీళ్లలోనే ఉంటుంది కాబట్టి ఏ తగవులోనైనా ఆవిడ మాట వినపడుతుంది.

"సరే సరే. తిన్నావా?"

"తేలు ఒకటి. మిడతలు తొమ్మిది. పదో మిడత సగమే. సగం అమ్మకిచ్చాను."

"మరి నువ్వు మమ్మల్ని అడగవా?"

"ఏమని?"

"బాగున్నారా అని!"

నూకాలు మొదటిసారి నక్కవైపు తిరిగింది. కళ్లల్లోకి కాదు, చెవుల వైపు చూసింది. "నువ్వు బాగానే ఉన్నావుగా. కనబడుతోంది. పోయిన నెలకంటే పొట్ట కూడా పెరిగింది."

జగ్గారావు పొట్ట లోపలికి లాక్కున్నాడు.

"అయ్యో పైడమ్మా, పిల్లకి బుర్ర ఎదగలేదే!" అంది గౌరమ్మ. "మా దూడ పుట్టిన వారానికే అందర్నీ వరసపెట్టి పిలిచేది."

"అవును వదినా, ఇప్పటికీ నీ తోక పట్టుకుని వస్తూనే దారి తప్పుతుంది కూడా," అంది పైడమ్మ. నోటికి తక్కువేం లేదు ఆమెకు. 

వీరభద్రం నెమరు ముగించాడు. "తెలియని పిల్ల. నెల గడువిద్దాం. వచ్చే పున్నమికి మళ్లీ చూద్దాం."

ఆ నెల బొరియలో చదువు మొదలైంది.

"ఇప్పుడు నేను గౌరమ్మను," అనేది పైడమ్మ. "నన్ను పలకరించు."

"నువ్వు అమ్మవి."

"అనుకోవే!"

"అనుకున్నాను. గౌరమ్మ అత్త ఈ బొరియలో పట్టదు. ముక్కు కూడా పట్టదు."

పది రోజులు పట్టుబట్టగా మూడు మాటలూ నోటికొచ్చాయి. పదకొండో నాడు నూకాలు పొద్దుటనగా బయటికి వెళ్లి మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయి వచ్చింది.

"ఎక్కడికెళ్లావే?"

"పుట్ట దగ్గరికి. మూడొందల చీమల్ని పలకరించాను. బాగున్నావా, తిన్నావా, పిల్లలెక్కడ. ఒక్కటి కూడా తిరిగి అడగలేదమ్మా. వాటిని కూడా పెద్దవాగుకి పంపిస్తారా?"

పైడమ్మ నవ్వాలో ఏడవాలో తెలియక కూతురి వీపు నిమరబోయింది. నూకాలు పక్కకు జరిగింది. ముట్టుకుంటే దానికి పడదు. ఆ సంగతి పైడమ్మ రోజూ మర్చిపోతుంది.

నూకాలుకు పలకరింపు రాకపోయినా మడుగంటే ప్రాణం. తల్లి నీళ్లు తాగుతున్నంతసేపూ ఒడ్డున నిట్టనిలువుగా ఉన్న రాయి పక్కన రెండు కాళ్ల మీద నిలబడి ఉండేది. ఒకనాడు పైడమ్మ విసుగెత్తి అడిగింది. "ఏముందే ఆ రాయి మీద?"

"గీతలు. నీళ్లు తగ్గిన గీతలు. రోజుకి నా వేళ్లతో నాలుగు వేళ్లు తగ్గుతాయి. గౌరమ్మ అత్త దొర్లిన రోజు ఐదు. రాయిలో ఎర్రచార ఉంది చూడు, ఎల్లుండి సాయంత్రం దాని మొదలు బయటపడుతుంది."

అన్నట్టే మూడోనాటి సాయంత్రం ఎర్రచార మొదలు బయటపడింది.

పైడమ్మ గుండె గంతులేసింది. బుర్ర ఎదగలేదన్నవాళ్ల నోళ్లు మూయించే మందు దొరికిందనుకుంది. ఆలోచించకుండా బండ దగ్గరికి పరుగెత్తి, వచ్చినవాళ్లనీ పోయేవాళ్లనీ ఆపి చెప్పింది. నమ్మనివాళ్ల కోసం పందెం కట్టింది. చివరగా వచ్చిన దుప్పి అడుగుజాడ మర్నాటికి నీళ్లకి ఎంత దూరంలో ఉంటుందో నూకాలు చెప్పింది. అంతే దూరంలో ఉంది. మడుగు మధ్యలోని రాయి ఏ పూట తేలుతుందో చెప్పింది. ఆ పూటే తేలింది. మూడోసారి కూడా సరిపోయాక వీరభద్రం నెమరు మధ్యలో ఆపాడు. అది అంతకుముందు ఎవరూ చూడని వింత.

"అంటే పిల్లకి తెలివుందన్నమాట!" అంది గౌరమ్మ.

"ఉంది వదినా! నీకూ నాకూ కలిపి ఉన్నంత ఉంది!" అంది పైడమ్మ.

"అలాగా. అంత తెలివున్న పిల్ల, నా ఎదురుగానే నిలబడి నన్ను 'అత్తా బాగున్నావా' అనలేదంటే, రాక కాదన్నమాట. పొగరన్నమాట!"

పైడమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. జగ్గారావు అడ్డొచ్చాడు.

"నేనూ అదే అనుకుంటున్నాను," అన్నాడు జగ్గారావు విచారంగా. "మడుగుకే లెక్క కట్టగల పిల్లకి మూడు మాటలు కష్టమా? పాపం తెలియని పిల్ల అని నెల గడువిచ్చాం. తెలిసి చేసేదానికి గడువెందుకు? ఐదో రోజున సభ పెడదాం. అప్పుడు పలికితే సరే. లేదా, పెద్దవాగు."

ఎవరూ కాదనలేదు. నిన్నటిదాకా జాలిగా చూసిన మేకలు కూడా ఇవాళ మొహం తిప్పుకున్నాయి. బుర్ర లేదన్నప్పుడు కనీసం జాలి ఉండేది. ఉందని తేలాక అదీ పోయింది. పోగొట్టింది తనేనని పైడమ్మకు ఇంటిదారిలో అర్థమైంది.

"అమ్మా, నా లెక్క తప్పిందా?"

"లేదే."

"మరెందుకు వాళ్లకి కోపం?"

పైడమ్మ అడుగు ఆపలేదు. నడుస్తూనే తనలో తనే అనుకుంది. పుట్టినప్పటి నుంచి దీన్ని చూస్తున్నాను, నాకే ఎన్నోసార్లు అనిపించిందిగా, ఇన్ని తెలిసినదానికి ఇది తెలియదా అని.

రెండో రోజు పొద్దున పైడమ్మ దూరం నుంచి ఒక వింత చూసింది. రేగుపొద పక్కన జగ్గారావు, నూకాలు పక్కపక్కనే నడుస్తున్నారు. నక్క ఏదో చెబుతున్నాడు. పిల్ల వింటోంది.

నూకాలు ఇంటికొచ్చి తీరుబడిగా చెప్పింది. "నక్క మామ ఇవాళ్టి నుంచి నా స్నేహితుడు. నేను అడగలేదు. ఆయనే అయ్యాడు."

పైడమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండేళ్లలో దాని పక్కన తల్లి తప్ప ఎవరూ పది అడుగులు నడవలేదు.

"ఏం మాట్లాడుకున్నారే?"

"సభలో ఒక మాట చెప్పమన్నాడు. చెబితే పలకరింపు తప్పినా నీళ్లిప్పిస్తాడట."

"ఏం మాట?"

"సభలో చెప్పమన్నాడు. ఇది బొరియ."

జగ్గారావు ఊరికే ఎవరి పక్కనా నడవడని పైడమ్మకు తెలుసు. ఇంకెవరి కూతురైనా అయితే పొద దాకా వెళ్లి నిలదీసి వచ్చేది. కానీ స్నేహితుడు అన్న మాట అనేటప్పుడు నూకాలు తోక కొస కదిలింది. దాన్ని చూసి అనుమానాన్ని మింగేసింది.

ఐదో రోజు పొద్దెక్కేసరికి బండ చుట్టూ చోటు లేదు. కుందేలు తల్లి మిగిలిన పిల్లల్ని కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. గౌరమ్మ నీళ్లలోనే ఉంది, చెవులు మాత్రం గట్టు మీద.

జగ్గారావు అందర్నీ పేరుపేరునా పలకరించాడు. ఎవర్నీ వదల్లేదు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"మడుగు విషయంలో నూకాలు లెక్క ఎప్పుడైనా తప్పిందా?"

"లేదు," అన్నారంతా.

"దాని మాట మీద మనకి నమ్మకమేనా?"

"నమ్మకమే."

"అయితే ఈ పూట పలకరింపు సంగతి పక్కన పెడదాం. పిల్ల అంతకంటే పెద్ద సంగతి చెబుతుంది. చెప్పు తల్లీ, గట్టిగా చెప్పు."

నూకాలు బండెక్కి, నీళ్లవైపు తిరిగి, గట్టిగా చెప్పింది. "మడుగు మూడు రోజుల్లో ఎండిపోతుంది. అందరూ పెద్దవాగుకి వెళ్లాలి."

సభంతా ఒక్కసారిగా లేచింది. మేకలు ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. కుందేలు తల్లి పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ ప్రతిసారీ తప్పుతోంది. పైడమ్మ రాయివైపు చూసింది. నిన్నటి గీతకీ ఇవాళ్టి గీతకీ మధ్య నాలుగు వేళ్లే. లెక్క ఆమెకు రాదు, కానీ కూతురు అబద్ధం చెప్పడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"ఏం చేస్తాం, మన రాత," అన్నాడు జగ్గారావు, తల వేలాడేసి. "చిరుత దొరవారున్నారని భయపడితే దాహం తీరుతుందా? రేపు పొద్దున్నే బయల్దేరదాం. పిల్లల్ని ముందు నడిపించండి. దారి నేను చూపిస్తాను. నూకాలూ, ఇంక దిగు తల్లీ."

"ఇంకా అవలేదు," అంది నూకాలు.

"అయింది. దిగు."

"అవలేదు. ఇప్పటిదాకా చెప్పింది నువ్వు చెప్పమన్న మాట. నా లెక్క వేరే ఉంది. రెండూ కలిసిపోకూడదు. నా లెక్క ప్రకారం ముప్పై ఎనిమిది రోజులు. గౌరమ్మ అత్త రోజూ దొర్లితే ముప్పై ఒకటి."

"చిన్నపిల్ల, ఏదో వాగుతోంది," అంటూ జగ్గారావు నవ్వబోయాడు.

"ఆగు," అన్నాడు వీరభద్రం. ఈసారీ అతని నెమరు ఆగిపోయింది. "ఏం చెప్పమన్నాడమ్మా? మొదటి నుంచి చెప్పు."

మొదటి నుంచి చెప్పమని నూకాలును అడిగినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. అది కుదురుగా నిలబడి మొదలుపెట్టింది.

"మూడు రోజుల కిందట, పొద్దున, రేగుపొద దగ్గర. ఆకాశంలో మూడు కొంగలున్నాయి. నక్క మామ నా స్నేహితుడయ్యాడు. 'స్నేహితులు చెప్పమన్న మాట స్నేహితులు చెప్పాలి' అన్నాడు. సరే అన్నాను. 'మడుగు మూడు రోజుల్లో ఎండిపోతుందని చెప్పు. నీ మాట నమ్మి అంతా వాగుకి వెళతారు. చిరుత దొరవారు నాకు వాటా ఇస్తారు. నీకూ పెట్టిస్తాను' అన్నాడు. నాకు తేళ్లు చాలు, వాటా వద్దన్నాను. చెప్పమన్న మాట మాత్రం చెప్పాను."

"ఎవరితోనూ అనొద్దన్నాను కదే!" జగ్గారావు గొంతు కీచుమంది.

"అనలేదు నువ్వు."

"అనలేదా? మూడుసార్లు కన్ను గీటాను కదే, కళ్లు లేవా నీకు!"

నూకాలు గుర్తు చేసుకుని చెప్పింది. "గీటావు. కుడికన్ను. మూడుసార్లు. నలక పడిందనుకున్నాను. మర్నాడు కూడా చూశాను, ఎర్రగా లేదు. పోయిందా మామా?"

జగ్గారావు బతుకంతా కంటిసైగ మీద నడిచింది. ఎలుక నుంచి చిరుత దాకా ఆ కన్నుకు అర్థం తెలియనివాళ్లు అతనికి తగల్లేదు. ఇలాంటి మాటలు నోటితో చెప్పకూడదని అతని తాతే నేర్పాడు. పైగా ఎవరితోనూ మాట్లాడని పిల్ల కదా, గోతిలోకి చెప్పుకున్నట్టే అనుకున్నాడు. మాట్లాడని పిల్ల, అడిగితే కూడా చెప్పదనుకున్నాడు. అప్పటిదాకా దాన్ని అడిగినవాళ్లు లేరంతే.

కుందేలు తల్లి మెల్లగా లేచింది. "ఈ నెలలో ముగ్గురు పోయారు నాకు. పిల్లలెక్కడ తల్లీ అని రోజూ ఎంత ఆప్యాయంగా అడిగావురా! ఏ పొదో కూడా చెప్పాను కదరా నీకు!"

అందరూ జగ్గారావు పొట్టవైపు చూశారు. పెరిగిందని నూకాలు మొదటి పలకరింపు నాడే చెప్పింది.

నీళ్లు ఎగిసిపడ్డాయి. పట్టపగలు గౌరమ్మ మడుగులోంచి బయటికి రావడం ఆ వేసవిలో అదే మొదటిసారి. జగ్గారావు మేకల కాళ్ల కిందనుంచి దూరి, దుప్పి మీదనుంచి దూకి పరుగందుకున్నాడు. ఎంత అలవాటంటే, అంత పరుగులోనూ బండ దాటేటప్పుడు వెనక్కి తిరిగి "వస్తానండీ, జాగ్రత్తండీ" అన్నాడు. పెద్దవాగు తప్ప వేరే దారి లేదు. అక్కడ చిరుతపులి మూడు రోజులుగా పస్తుండి, మందంతా వస్తుందని ఎదురుచూస్తోంది. ఆ రోజు వచ్చింది ఒక్కడే.

సందడి తగ్గాక గౌరమ్మ ఒళ్లు దులుపుకుంటూ అంది. "పెద్దాయనా, మరి పిల్ల పలకరింపు సంగతి?"

వీరభద్రం చాలాసేపు నెమరు వేశాడు. "పరాయివాణ్ణి పసిగట్టడానికని పెట్టుకున్నాం ఈ పద్ధతి. ఇన్నేళ్లలో ఒక్కనాడూ పలకరింపు తప్పనివాడు ఎవడు?"

మేకలు జగ్గారావు పారిపోయిన దారివైపు తలలు తిప్పాయి.

"వానలు మొదలయ్యే మృగశిర కార్తెకి ఇంకా ముప్పై నాలుగు రోజులుంది," అన్నాడు మళ్లీ. దున్నిన ఎద్దుకు కార్తెలు తెలుసు. "గౌరమ్మా, విన్నావుగా. నువ్వు దొర్లితే ముప్పై ఒకటి."

గౌరమ్మ మడుగులోకి దిగబోతున్న కాలు వెనక్కి తీసుకుంది.

మర్నాడు నూకాలు ఒక్కతే వచ్చింది. బండ దగ్గర ఆగింది. ఎవరి కళ్లల్లోకీ చూడకుండా "ఇవాళ నాలుగు వేళ్లు" అని చెప్పి నీళ్లకు దిగింది. దాన్నే పలకరింపుగా జమకట్టారు. గౌరమ్మ ఒకసారి మర్యాదకు "బాగున్నావా నూకాలూ?" అని అడిగి, నాలుగు కాళ్ల సంగతీ, తోక సంగతీ విని, ఆ పూట మేతకు ఆలస్యంగా వెళ్లింది. అప్పటినుంచి తీరిక ఉన్నప్పుడే అడుగుతుంది. అడిగితే మాత్రం చివరిదాకా వింటుంది.

"నక్క మామ ఇంక నా స్నేహితుడు కాదామ్మా?" అని అడిగింది నూకాలు ఇంట్లో.

"కాదే." ఈసారి పైడమ్మ వీపు నిమరబోలేదు. పక్కన కూర్చుంది, అంతే.

నాలుగు రోజుల తర్వాత కుందేలు పిల్ల ఒకటి వచ్చి రాయి పక్కన నిలబడింది. అది నూకాలును ఏమీ అడగలేదు. ఇద్దరూ పొద్దు వాలేదాకా నీళ్లవైపు చూస్తూ ఉండిపోయారు. పైడమ్మ గట్టు మీదనుంచి చూస్తూనే ఉంది. మధ్యలో ఒక్క మాట కూడా వినపడలేదు.

ఇంటికొచ్చాక నూకాలు చెప్పింది. "అమ్మా, ఇవాళ మాకు భలే పొద్దుపోయింది."

తోక కొస కదిలింది.

పలకరింపు రాని పిల్లకు తెలివి లేదనుకోవడం ఎంత తప్పో, తెలివుంది కదా పలకరింపు దానంతటదే రావాలనుకోవడమూ అంతే తప్పు.